కాగితం పూల మొక్క పూయడం లేదా? నీళ్లు తగ్గించి చూడండి

హైదరాబాద్‌లో డాబా మీద కుండీలో కాగితం పూల మొక్క పెట్టి, రోజూ నీళ్లు పోసేవాళ్లు చాలామంది. ఆకులు గుబురుగా వస్తాయి, పువ్వు మాత్రం కనబడదు. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి, పైమట్టి బాగా ఆరేదాకా ఆగండి. లేత ఆకులు కాస్త వాలినప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా నిండుగా పోయండి. ఆ కాస్త దాహమే దీనికి పూత తెప్పిస్తుంది.

ఎండ మాత్రం రోజుకు 5, 6 గంటలు తగలాల్సిందే. యూరియా వద్దు, అది ఆకుకే బలం. పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కాబట్టి ఒక విడత పూలు రాలగానే కొమ్మల చివర్లు కత్తిరించండి (ముళ్లుంటాయి, గ్లౌజులు వేసుకోండి). కుండీ మార్చేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టిగడ్డ విడిపోనివ్వకండి. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు కింద పళ్లెం తీసేయండి, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి.