ఎంబీఏ సీటు కంటే ముందు వీసా నెలలు లెక్కపెట్టండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి బీకాం పిల్లలు విదేశీ చదువు కోసం విశాఖ కన్సల్టెన్సీకి వెళ్తే మొదట చేతికొచ్చేది కాలేజీల జాబితా. కమిషన్ ఇచ్చేవి ఆ కాలేజీలే కదా! ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టేముందు మీరు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: చదువయ్యాక అక్కడ ఎన్ని నెలలు పనిచేయనిస్తారు?

అమెరికాలో ఇదంతా సీఐపీ (ప్రతి కోర్సు సబ్జెక్టుకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) కోడ్‌ను బట్టి ఉంటుంది. మామూలు ఎంబీఏ కోడ్ 52.0201 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలే. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301 ఉంది, మరో 24 నెలలు కలిసి 36 అవుతాయి. విద్యారుణంలో సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. అంటే స్టెమ్ కాని ఎంబీఏకి పని అనుమతి అయిపోయే వేళకి ఈఎంఐ వచ్చి కూర్చుంటుంది. హెచ్-1బి (కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా) లాటరీ మార్చిలో ఒక్కసారే జరుగుతుంది గనుక 12 నెలలున్నవాళ్లకి దాదాపు ఒక్క ఛాన్సే.

కోర్సు పేరులో ‘అనలిటిక్స్’ కనిపించగానే మురిసిపోవద్దు. కొన్నిచోట్ల ఫలానా స్పెషలైజేషన్ తీసుకుంటేనే స్టెమ్ కోడ్ వస్తుంది. ‘నా ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఏ సీఐపీ కోడ్ వేస్తారు?’ అని అడ్మిషన్ ఆఫీసుకే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. 24 నెలల పొడిగింపుకి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి. చిన్న కంపెనీల దగ్గర పని చెడేది ఇక్కడే.

బ్రిటన్‌లో చదువయ్యాక పనిచేసే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకి 18 నెలలే. తర్వాత కంపెనీ ఇప్పించే స్కిల్డ్ వర్కర్ వీసా‌కి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, కొత్తవాళ్లకి 33,400 ఉండాలి. ఫ్రెషర్‌కి అంత ఇచ్చే ఉద్యోగాలు మీ సబ్జెక్టులో ఉన్నాయేమో జాబ్ సైట్లలో ముందే చూడండి.

కెనడాలో యూనివర్సిటీ మాస్టర్స్ కనీసం 8 నెలలున్నా మూడేళ్ల వర్క్ పర్మిట్ రావచ్చు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు ఉండాలి. తక్కువ ఫీజని కాలేజీలో మామూలు బిజినెస్ డిప్లొమా తీసుకుంటే మాత్రం, ఆ సబ్జెక్టు అర్హత జాబితాలో లేక పర్మిట్ చేజారుతుంది.

ఒడిశా వాళ్లు అమెరికా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) ఇంటర్వ్యూలో చూసేది తిరిగివచ్చే ఉద్దేశం. ఈ నెలల లెక్క ఇంట్లో, బ్యాంకులో వేసుకోండి. ఇంటర్వ్యూలో కోర్సు గురించి, ఫీజు డబ్బు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.