30 ఏళ్లు వచ్చేలోగా చేతిలో ఎంత సొమ్ము ఉండాలి: లెక్క వేసుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయిన యువతీయువకులు ఒకరినొకరు అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది: ఈ వయసుకు ఎంత దాచి ఉండాలి? దీనికి తరచుగా ఎదురయ్యే జవాబు అమెరికాలోని ఫిడెలిటీ సంస్థ సూచించిన కొలమానం. 30 ఏళ్లకు ఒక ఏడాది జీతం, 40కి మూడేళ్ల జీతం, 67కి పదేళ్ల జీతం పొదుపులో ఉండాలని అది చెబుతుంది. ఆ లెక్క వెనుక అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛను ఉంది, 25వ ఏట నుంచే ఆదాయంలో 15 శాతం పక్కన పెడతారన్న అంచనా ఉంది. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు నెలనెలా పంపే డబ్బు, చెల్లెలి పెళ్లికి సర్దవలసిన మొత్తం, ఇంజనీరింగు చదువుకు తెచ్చిన అప్పు అందులో ఎక్కడా లేవు. అందుచేత 30 ఏళ్లకు ఏడాది జీతం అన్న గమ్యాన్ని తీసుకోవచ్చు గానీ, లెక్కను మాత్రం మన నెలసరి ఖర్చు దగ్గర మొదలుపెట్టాలి.

ముందుగా పే స్లిప్పును వరసగా చదవండి

హైదరాబాదులో 23 ఏళ్ల అమ్మాయి ఏడాదికి 4,80,000 రూపాయల ప్యాకేజీతో ఉద్యోగంలో చేరిందనుకుందాం. నెలకు 40,000 వస్తుందని ఇంట్లో అందరూ అనుకుంటారు, కానీ అంత రాదు. మూల వేతనం 20,000 అయినా చాలా ప్రైవేటు సంస్థలు ప్రావిడెంట్ ఫండ్‌ను 15,000 పరిమితి మీదనే లెక్కగట్టి 12 శాతం, అంటే 1,800 రూపాయలు జమచేస్తాయి. సంస్థ కట్టే 1,800 కూడా ప్యాకేజీలోదే. గ్రాట్యుటీ (కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం) పేరుతో మరో 960 దాకా అందులోనే చూపిస్తారు. ఈ రెండూ పోగా మిగిలిన 37,240లో ఆమె వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే బ్యాంకు ఖాతాలో పడేది సుమారు 35,200. కొత్త పన్ను విధానంలో ఈ ఆదాయానికి ఆదాయపు పన్ను పడదు. పొదుపు గురించి వేసే ప్రతి లెక్కా ఈ 35,200 మీదనే నడవాలి. ప్యాకేజీ అంకె పెళ్లిచూపులకు తప్ప మరెందుకూ పనికిరాదు.

తర్వాత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లేదా గూగుల్ పే చరిత్ర ముందు పెట్టుకొని ఖర్చులను రెండుగా విడదీయాలి. ఉద్యోగం పోయినా ఆగని ఖర్చులు ఒకవైపు, అవసరమైతే మర్నాటి నుంచే ఆపగలిగినవి మరొకవైపు. మన ఉదాహరణలో భోజనంతో కలిపి హాస్టలు 8,500, బస్సు, మెట్రో ఛార్జీలు 1,500, ఫోను 400, ఇంటికి పంపేది 8,000, మందులు, చిల్లర అవసరాలు 600 అయితే ఆగని ఖర్చు 19,000. బయటి తిండి, బట్టలు, సినిమాలు, ప్రయాణాలు కలిపి మరో 9,000. మిగిలేది 7,200. మూడు నెలల్లో ఒకటి పండగ నెల అయ్యేలా చూసుకోవడం మంచిది, ఎందుకంటే సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్టు, ఇంట్లోవాళ్లకు కొనే బట్టలు కలవని లెక్క మన గురించి మనకే అబద్ధం చెబుతుంది. ఇంటికి పంపే డబ్బును ఆపగలిగినవాటిలో వేయాలని కొందరికి అనిపిస్తుంది. అవతలివైపు ఆ డబ్బుతోనే మందులు కొంటూ ఉంటే, దాన్ని ఆగని ఖర్చుగానే రాసుకోవాలి.

మొదటి మెట్టు: ఆరు నెలల ఆగని ఖర్చు

ఆగని ఖర్చును ఆరుతో హెచ్చవేస్తే వచ్చే 1,14,000 రూపాయలే ఈ అమ్మాయి సమకూర్చుకోవలసిన అత్యవసర నిధి. నెలకు 7,000 చొప్పున దాస్తే ఎనిమిది నెలలకు దాదాపు సగం, 17 నెలలకు పూర్తి మొత్తం చేరుతుంది. అంటే 25వ పుట్టినరోజు నాటికి ఈ నిధి పూర్తయి ఉండాలని అడగడం అత్యాశ కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి, ఇంట్లో మరొకరి సంపాదన ఉన్నవారికి మూడు నెలలు సరిపోవచ్చు. కాంట్రాక్టు మీద పనిచేసేవారు, ప్రాజెక్టు అయిపోయి పని లేకుండా బెంచి మీద కూర్చునే అవకాశం ఉన్నవారు, ఇంటికి తామొక్కరే ఆధారమైనవారు ఆరు నెలలకు తగ్గకూడదు.

ఒక్క మినహాయింపు ఉంది. క్రెడిట్ కార్డు మీద బాకీ నడుస్తూ ఉంటే, ఒక నెల ఖర్చు మాత్రం చేతిలో ఉంచుకొని మిగిలినదంతా ఆ బాకీకే కట్టాలి. 40,000 రూపాయల బాకీని కనీస చెల్లింపుతో నెట్టుకొస్తే, నెలకు 3.5 శాతం వడ్డీ చొప్పున మొదటి నెలలోనే 1,400, దాని మీద జీఎస్టీ 252 పడతాయి. ఏ పొదుపు పథకమూ ఆ వేగానికి అందదు.

జీతం పడే ఖాతాలోనే ఈ నిధిని ఉంచితే అది కరిగిపోతుంది. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దానికి యూపీఐ జోడించకుండా, జీతం పడిన మర్నాడే 7,000 దానంతటదే అటు వెళ్లిపోయేలా బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వాలి. అందులో ఒక నెల ఖర్చును సేవింగ్స్‌లో, మిగిలినదాన్ని ఎప్పుడైనా తీసుకోగల ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంచితే చాలు. అర శాతం ఎక్కువ వడ్డీ కోసం ఈ సొమ్మును ఎక్కడెక్కడో తిప్పనవసరం లేదు. బ్యాంకు డిపాజిట్లకు, సహకార బ్యాంకులతో సహా, ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. వీధి చివర బోర్డు పెట్టుకొని రెండు శాతం ఎక్కువ ఇస్తామనే పరపతి సంఘాలకు ఆ బీమా వర్తించదు.

అత్యవసర నిధిని షేర్లలో గానీ, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో గానీ పెట్టకూడదనడానికి 2020 ఒక్కటే చాలు. ఆ ఏడాది జనవరి నుంచి మార్చి 23 నాటికి షేర్ల ధరలను కొలిచే నిఫ్టీ సూచీ మూడో వంతుకు పైగా పడిపోయింది, సరిగ్గా ఆ తర్వాతి వారాల్లోనే జీతాల కోతలు, తొలగింపులు మొదలయ్యాయి. డబ్బు అవసరమైన రోజూ, దాని విలువ పడిపోయిన రోజూ ఒకటే అయితే దాచిన ఫలితం దక్కదు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. తల్లిదండ్రులకు విడిగా పాలసీ లేకపోతే ఈ నిధి ఒక్క ఆసుపత్రి బిల్లుకే ఖర్చయిపోవచ్చు కాబట్టి, పొదుపు మొదలుపెట్టిన ఏడాదిలోనే ఆ ప్రీమియాన్ని కూడా ఆగని ఖర్చుల్లో చేర్చుకోవాలి.

రెండో మెట్టు: పీఎఫ్‌ను కదపకుండా ఉంచడం

చాలామంది లెక్కలోకి తీసుకోని పొదుపు ఇది. మన ఉదాహరణలో ఉద్యోగి కట్టే 1,800 పూర్తిగా, కొత్తగా చేరేటప్పుడే మూల వేతనం 15,000 దాటినవారికి పింఛను పథకం వర్తించదు కాబట్టి సంస్థ కట్టే 1,800 కూడా పూర్తిగా, మొత్తం నెలకు 3,600 పీఎఫ్ ఖాతాలో చేరుతుంది. 2024-25కు ప్రకటించిన 8.25 శాతం వడ్డీయే కొనసాగితే ఐదేళ్లలో అది సుమారు 2,64,000 అవుతుంది. ఉద్యోగం మారిన ప్రతిసారీ ఈ సొమ్మును తీసి బండి మీదనో, ఫోను మీదనో పెట్టే అలవాటు మన కుర్రకారులో ఎక్కువ. ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తికాకముందే తీస్తే ఆ మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది, పింఛను పథకంలో ఉన్నవారికైతే దానికి కావలసిన పదేళ్ల సర్వీసుకూ గండి పడవచ్చు. కొత్త సంస్థలో పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) ఇచ్చి, ఖాతా బదిలీ అయిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోవడం పది నిమిషాల పని.

30 ఏళ్లకు అంకె

అత్యవసర నిధి పూర్తయిన తర్వాత కూడా అదే 7,000 ఆగకుండా పక్కకు వెళ్లాలి. పదేళ్ల దాకా అవసరం లేని భాగాన్ని ఇండెక్స్ ఫండులో (నిఫ్టీ వంటి సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) నెలవారీ సిప్‌గా, నిశ్చింతగా ఉండాలనుకునే భాగాన్ని ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో పెట్టుకోవచ్చు. పీపీఎఫ్‌కు 15 ఏళ్ల గడువు ఉంటుంది, ఏడాదికి లక్షన్నరకు మించి కట్టలేము. జీతం పైసా పెరగకపోయినా, 23 నుంచి 30 వరకు ఏడేళ్లపాటు నెలకు 7,000 అంటే 5,88,000, పీఎఫ్ జమ మరో 3,02,400, వడ్డీ కలపకుండానే మొత్తం 8,90,400. చేతికొచ్చే జీతం ఈలోగా 60,000కు పెరిగినా, ఏడాది జీతం 7,20,000. జీతంలో అయిదో వంతును ఏడేళ్లు వదలకుండా దాచినవారికి ఆ అమెరికా కొలమానం దానంతటదే అందుతుంది. జీతం పెరిగినప్పుడు, పెరిగిన దాంట్లో సగాన్ని అదే నెలలో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో కలిపితే, మధ్యలో ఒక పెళ్లి ఖర్చు వచ్చి ఏడాదిపాటు పొదుపు ఆగినా లెక్క తప్పదు.

విదేశాల్లో ఎం.ఎస్. కోసం 30, 40 లక్షలు అప్పు తెచ్చుకున్నవారికి ఈ అంకె వర్తించదు. వారి ఆస్తి ఎన్నో ఏళ్లు సున్నాకు కిందే ఉంటుంది. తామున్న దేశపు డబ్బులో మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని, ఏటా అసలు ఎంత తగ్గిందో చూసుకోవడమే వారికి సరైన కొలత.

లెక్కలోకి రానివి

తండ్రి పేరున ఉన్న ఇళ్ల స్థలం, అమ్మ దాచిన నగలు మన పొదుపు కావు. మనం కొన్న నగలను కూడా కొన్న ధరకు రాసుకోకూడదు, తరుగు, మజూరీ, జీఎస్టీ కింద ఇచ్చినది అమ్మేటప్పుడు తిరిగి రాదు.

చీటీ సంగతి కాస్త వివరంగా చూడాలి. 20 మంది నెలకు 5,000 చొప్పున వేసే లక్ష రూపాయల చీటీని మొదటి నెలల్లో పాడుకుంటే అది అప్పు, చివరిదాకా ఆగితే పొదుపు. పాట పాడిన తర్వాత డబ్బు చేతికి రావాలంటే కంపెనీ జామీను అడుగుతుంది, చాలాచోట్ల ప్రభుత్వ ఉద్యోగుల జామీనే కావాలంటారు. ఉద్యోగం పోయిన 25 ఏళ్ల కుర్రవాడికి ఆ సమయంలో జామీను ఎవరు నిలబడతారు? అందుకే చీటీని ఏదైనా ఒక ఖర్చు కోసం వేసుకోవచ్చు గానీ, అత్యవసర నిధిగా రాసుకోకూడదు. అది కూడా 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చీటీ అయితేనే. కాలనీలో నోటిమాట మీద నడిచే చీటీ మునిగితే ఫిర్యాదు చేయడానికి సరైన కాగితమే ఉండదు.

ఇక స్నేహితులకు, బంధువులకు ఇచ్చిన చేబదులు. తిరిగి ఖాతాలో పడేంతవరకు దాన్ని పొదుపు పట్టికలో రాయకండి. వచ్చిన రోజున కొత్త ఆదాయంగా రాసుకుంటే సరిపోతుంది.