పరిశోధన విభాగంలో కంప్యూటర్ల బాధ్యత చేపట్టేవారికి

నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఇటువంటి చోట పరిశోధన విభాగానికి సాంకేతిక సాయం చేయడానికి చేరినవారు యంత్రాల కంటే ముందు ఏ కాగితం ఏ తేదీకి ఎవరి సంతకానికి వెళ్తుందో తెలుసుకోవాలి. మన దగ్గరికి వచ్చే ఫిర్యాదులలో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కనుక కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల లెక్కలు, 12-ఎ నమూనాలోని వినియోగ ధ్రువపత్రాలు ఆ రోజులలోనే ఒక్కసారిగా మీద పడతాయి. డిజిటల్ సంతకం టోకెన్ల (సంతకం దాచి ఉండే యూఎస్‌బీ పరికరాల) గడువును జనవరిలోనే చూసి, ముగియబోయేవాటి జాబితాను ఫైలులో పెట్టించండి. పిన్ తప్పుగా పదేపదే కొడితే టోకెన్ లాక్ అవుతుందని సంతకం చేసే అధికారికి ముందే మర్యాదగా చెప్పండి. కేంద్ర నిధుల చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో వివరాలు నమోదు చేసేవారు, ఆమోదించేవారు వేరువేరుగా ఉండాలన్నది నియమం. పని త్వరగా తెమలాలని ఒకరి పాస్‌వర్డ్ మరొకరికి ఇవ్వడానికి మీరు మాత్రం ఒప్పుకోకండి.

నాకు ఎక్కువ ఆవేదన కలిగించేది తెలుగు సిద్ధాంత గ్రంథాల సంగతి. పాలమూరు వలస కూలీల పాటలపై పరిశోధన చేసిన ఒక అమ్మాయి ఒకనాడు సంతోషంగా వచ్చి, "సార్, పోలికల పరీక్షలో సున్నా శాతం వచ్చింది" అన్నది. ఇతరుల రాతలతో గ్రంథం ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్‌తో చూసే పరీక్ష అది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు కాబట్టి ఆమె సంతోషం సహజమే. నేను ఆ పీడీఎఫ్ నుంచి ఒక పాట చరణాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాను. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. గ్రంథమంతా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కూర్చినది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను గీసి చూపుతాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ పోల్చడానికి అక్కడ తెలుగే లేదు. అదే ఫైలు సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో చేరితే ఆ పాటను ఎవరు వెతికినా దొరకదు, ఆమె ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించినదంతా బొమ్మలా మిగిలిపోతుంది.

కనుక ప్రతి తెలుగు గ్రంథానికీ ఈ నోట్‌ప్యాడ్ పరీక్ష తప్పక చేయండి. అక్షరాలు చెదిరితే పీడీఎఫ్‌తో కుస్తీ పట్టకుండా డీటీపీ సెంటర్ నుంచి మూల ఫైలు తెప్పించి, దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతిలోకి, మార్పించండి. మార్చిన తరువాత వత్తులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు పదాలు, అధోజ్ఞాపికలు పరిశోధకులే కూర్చొని సరిచూడాలి; ఆ పని యంత్రానికి వదలకూడదు. అన్నిటికంటే మేలు, పేరు నమోదు చేసుకున్న మొదటి నెలలోనే వారికి యూనికోడ్‌లో టైపు చేయడం నేర్పించడం.

ఇక నల్లగొండ ప్రాంతంలో నీటి ఫ్లోరైడ్‌పై పని చేసేవారి ఎక్సెల్ పట్టికలు చూడవలసి వస్తే ముందుగా తేదీల నిలువు వరుస చూడండి. కంప్యూటర్ నెలను ముందు రాసే అమెరికా పద్ధతిలో ఉంటే నవంబరు 5న తీసిన నమూనాకు 05-11 అని టైపు చేయగానే అది మే 11 అయిపోతుంది. వానల తరువాతి నీరు వానలకు ముందటి లెక్కలో చేరి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఏ కాలంలో దాటిందన్న నిర్ణయమే తారుమారవుతుంది. 25వ నెల ఉండదు కాబట్టి 25-11 వంటిది మాత్రం తేదీగా మారక, మామూలు అక్షరాల్లా గడిలో ఎడమ పక్కకు ఒదిగి ఉంటుంది; తేదీగా మారినవి కుడి పక్కన ఉంటాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి కనబడితే అక్కడే ఆగి, నమూనా సీసాల మీది చీటీలతో ఒక్కొక్కటీ సరిపోల్చమనండి. తరువాత ప్రాంతీయ సెట్టింగును భారత పద్ధతికి మార్చి, మూల ఫైలును ఎవరూ దిద్దలేని విధంగా విభాగపు సర్వర్‌లో ఉంచి, పరిశోధకులకు నకలు మాత్రమే ఇవ్వండి.