నీటి నిర్మాణాలు, ఆవాస పునరుద్ధరణ వన్యప్రాణులకు ఏం చేశాయో అంచనా వేయడం ఎలా

వేసవిలో నల్లమలలోని ఏ సాసర్ పిట్ (జంతువులు తాగేందుకు నేలలో పళ్లెంలా కట్టిన నీటి గుంత) దగ్గర కెమెరా ట్రాప్ (జంతువు కదలగానే తానే ఫొటో తీసే కెమెరా) కట్టినా దుప్పులు, కణితులు, అడవిపందులు, ఒక్కోసారి ఎలుగుబంటి పడతాయి. ఆ ఫొటోలను నివేదికకు జతచేసి, నీటి వసతి కల్పించడం వల్ల వన్యప్రాణులు పెరిగాయని రాయడం చాలాచోట్ల ఆనవాయితీ అయింది. దప్పిగొన్న జంతువు నీటి దగ్గరికి వచ్చిందనే సంగతికి మించి ఆ ఫొటోలు ఏమీ చెప్పవు. అది అంతకుముందు అవతలి వాగులోని చెలమలో తాగేదా, ఇప్పుడు దారి మాత్రమే మార్చుకుందా, లేక నిజంగానే ఈ నీటివల్ల దాని పిల్లలు ఎక్కువగా దక్కుతున్నాయా అన్న ప్రశ్నలకు జవాబు కావాలంటే పరిశీలనను నీటి ఒడ్డు నుంచి అడవి లోపలికి జరపాలి. ఆ పని చేసే పద్ధతిని అటవీ సిబ్బందిని, జంతుశాస్త్ర విద్యార్థులను, వారితో కలిసి పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలను దృష్టిలో ఉంచుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రశ్నను ముందుగా కాగితం మీద పెట్టాలి

నీటి నిర్మాణం అనే మాట కింద సాసర్ పిట్, చెక్ డ్యాం, ఊట కుంట, సోలార్ బోరు, జలాశయం, కాలువ అన్నీ వస్తాయి గాని, వాటి ప్రభావం ఒక్క తీరుగా ఉండదు. ట్యాంకరుతో నింపే సాసర్ పిట్ వేసవిలో మాత్రమే జంతువుల నడకను మారుస్తుంది. చెక్ డ్యాం తన పైభాగాన నీరు నిలిపి, దిగువన కొన్ని చెలమలను ఎండగట్టవచ్చు. కాలువ నీరు మోస్తూనే ఆవాసాన్ని రెండుగా చీలుస్తుంది. అందువల్ల ఏ పని, ఏ జంతువుపై, ఏ మార్గంలో, ఏ కాలంలో ప్రభావం చూపుతుందని అనుకుంటున్నామో ఒక వాక్యంలో రాసుకోకుండా అడవిలోకి వెళ్లకూడదు. మార్గం అనే మాట ఇందులో కీలకం. నీటికి గడ్డి తినే జంతువు వస్తుంది, దాని వెంట చిరుతపులి, రేచుకుక్కలు వస్తాయి, పశువులు వస్తాయి, కొన్నిచోట్ల ఉచ్చులు పెట్టేవారూ వస్తారు. వీటిలో దేనిని కొలవబోతున్నామో ముందే తేల్చుకోవాలి.

మార్గాన్ని మరిచిపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు చూపించింది. అక్కడ పొడి మైదానాలలో బోర్లు వేసి నీరు పెట్టగా, నీటిపై ఎక్కువగా ఆధారపడే జీబ్రాలు, విల్డెబీస్టులు ఆ ప్రాంతానికి చేరాయి, వాటి వెంట సింహాలు చేరాయి. అప్పటిదాకా అంతగా పోటీ, వేట భయం లేకుండా బతికిన రోన్ జింకలు ఉత్తర మైదానాలలో 1986లో దాదాపు 450 ఉండగా, 1993 నాటికి సుమారు 45కు పడిపోయాయి. ఆ తర్వాత పార్కు యాజమాన్యం చాలా బోర్లను మూసివేసింది. నీటి దగ్గర నిలబడి లెక్కపెట్టినవారికి అక్కడ జంతువులు పెరిగినట్టే కనిపించి ఉంటాయి.

అనుమతులు

అభయారణ్యంలో శాస్త్రీయ పరిశీలనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. అభయారణ్యంలోకి వచ్చే నీటినిగాని, బయటికి పోయే నీటినిగాని మళ్లించడానికి, ఆపడానికి, పెంచడానికి కూడా అదే చట్టం 29వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలని చాలామందికి తెలియదు. అంచనా వేయబోయే పనికి ఆ అనుమతి ఉందా, అందులో ఏ షరతులు ఉన్నాయి అన్నది మొదటే చూసుకుంటే, తర్వాత ఏం కొలవాలో సగం అక్కడే తెలుస్తుంది.

పోలిక లేని లెక్క లెక్క కాదు

పని జరిగిన చోటును పనికి ముందు, తర్వాత కొలవాలి. అదే కాలంలో, అదే పద్ధతిలో పని జరగని చోటును కూడా కొలవాలి. ఈ రెండో భాగాన్ని ఖర్చు పేరుతో వదిలేస్తుంటారు, అంచనా చెడేది సరిగ్గా అక్కడే. ఊహకు ఒక లెక్క చూద్దాం. పని జరిగిన బీట్లలో (ఒక్కో అటవీ గార్డు చూసుకునే అడవి భాగాలలో) వంద పట్టీలు, అంటే నేలమీద కొలిచి గుర్తించిన సన్నని ముక్కలు, వేసి వెతికితే కణితి పెంటికలు మునుపు 20 పట్టీలలోనూ, మూడేళ్ల తర్వాత 35 పట్టీలలోనూ దొరికాయనుకుందాం. పని జరగని బీట్లలో అదే లెక్క 22 నుంచి 34కు పెరిగింది. పని జరిగిన చోట పెరుగుదల 15, జరగని చోట 12, కాబట్టి పనికి ఆపాదించగలిగేది 3 మాత్రమే, అంత తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. రెండు మంచి వర్షాకాలాలు చేసిన మేలును సిమెంటు ఖాతాలో వేయకుండా కాపాడేది ఈ చిన్న తీసివేతే.

పోలిక స్థలం నేల, వాలు, చెట్లు, ఊళ్ల నుంచి దూరం వంటి విషయాలలో పని జరిగిన స్థలాన్ని పోలి ఉండాలి, కొత్త నీటి ఆకర్షణ అందనంత దూరంలోనూ ఉండాలి. స్థలాల సంఖ్య కూడా ముఖ్యమే, ఎందుకంటే ఒకే కుంట దగ్గర వెయ్యి ఫొటోలు తీసినా అది ఒక్క నమూనాగానే లెక్కకు వస్తుంది. పనికి ముందటి సమాచారం లేదని చేతులెత్తేయనక్కర్లేదు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతున్న అఖిల భారత పులుల గణనలో బీటు వారీగా సేకరించిన గుర్తులు, పాత ఉపగ్రహ చిత్రాలు, బీటు రిజిస్టర్లు కొంత ఆధారమిస్తాయి. ఏ చెలమలో ఏ నెల దాకా నీరుండేదో చెంచు పెద్దలకు తెలిసినంతగా ఏ రికార్డులోనూ దొరకదు. వారు చెప్పిందాన్ని ఒక్కొక్కరి దగ్గర విడివిడిగా అడిగి రాసుకుని, పటంలో గుర్తించి సరిపోల్చుకోవాలి.

కొలవవలసిన చోటు, కొలిచే తీరు

నీటి నుంచి బయటికి గీతలు గీసి, ఒడ్డున, పావు కిలోమీటరులో, అర కిలోమీటరులో, ఒకటి, రెండు కిలోమీటర్లలో పట్టీలు వేయడం మంచిది. రెండు మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవున్న పట్టీలో పెంటికల కుప్పలను జాతివారీగా లెక్కిస్తారు. అదే చోట గడ్డి ఎంత, మేసిన ఆనవాళ్లెన్ని, మొలకలున్నాయా, వట్టి నేల ఎంత అన్నదీ రాసుకోవాలి. నీటి చుట్టూ నేల తొక్కుడుకు బోడిగా మారి, దూరం పోయేకొద్దీ గడ్డి తేరుకోవడం సహజం. ఏడాదికేడాది ఆ బోడి వలయం వెడల్పవుతుంటే మాత్రం నీరు మేతను మింగుతున్నట్టు. పెంటికలు వానకు కరిగిపోతాయి, పేడపురుగులు ఎత్తుకుపోతాయి, కాబట్టి ప్రతి ఏడాదీ అదే నెలలో, వానలు లేని రోజుల్లో లెక్కించాలి. వేసవిలో ఒకసారి, నీరు అంతటా దొరికే కాలంలో మరోసారి కొలిస్తేనే నీరు చేసిన మార్పు విడిగా తెలుస్తుంది.

కెమెరాలను నీటి దగ్గర కొన్ని పెట్టినా, ఎక్కువ వాటిని దూరంగా జంతువుల నడకదారుల మీద పెట్టాలి. మోకాలి ఎత్తున, సూర్యుడు ఎదురుపడకుండా ఉత్తరం వైపో దక్షిణం వైపో తిప్పి, ముందున్న గడ్డి కోసి, కెమెరా ఎన్ని రోజులు పనిచేసిందో రాయాలి. ఒకే జంతువు అరగంటలో పదిసార్లు పడితే ఒక్కసారిగానే లెక్కించడం మామూలు పద్ధతి. దట్టమైన పొదలో జంతువు ఉండీ పడకపోవచ్చు, బయలులో తేలిగ్గా పడుతుంది. పొదలు నరికిన చోట ఫొటోలు పెరిగితే జంతువులు పెరిగాయో, చూపు పెరిగిందో వేరు చేయడానికి, ఒకే స్థలాన్ని పలుమార్లు పరిశీలించి కనబడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకునే విధానాలను నిపుణుల సాయంతో వాడాలి.

సాసర్ పిట్ అంచున మెత్తటి మట్టిని జల్లించి పరిచి, సాయంత్రం చదును చేసి, తెల్లవారగానే చూడడం చవకైన పద్ధతి. పశువు గిట్ట గుండ్రంగా, వెడల్పుగా దిగుతుంది. కణితి గిట్ట సన్నగా, ముందువైపు కొనదేరి ఉంటుంది. ఈ తేడా పట్టలేనివారు గేదెలను, ఆవులను కూడా వన్యప్రాణుల జాబితాలో కలిపేస్తారు. నిజానికి పశువుల గిట్టలే ముఖ్యమైన సమాచారం, ఎందుకంటే ఒకే నీటిని పంచుకున్నచోట గాలికుంటు వంటి జబ్బులు అడవి జంతువులకు సోకే ప్రమాదం ఉంటుంది. అంచు వాలుగా ఉందా, నిటారుగా ఉందా అన్నదీ నమోదు చేయాలి. నిటారు గోడల సిమెంటు తొట్లలో ఉడుతలు, తొండలు పడి పైకి రాలేక చస్తుంటాయి, నివేదికల్లో వాటి ఊసే ఉండదు.

కాలువలున్నచోట

కాలువను అంచనా వేసేటప్పుడు పొడవునా నడిచి, జంతువులు దాటే చోట్లు, పడి చనిపోయిన కళేబరాలు, వంతెనల మీది అడుగుజాడలు, రెండు గట్ల మీదా పెంటికలు లెక్కించాలి. సిమెంటు లైనింగు చేసిన నిటారు గట్లున్న కాలువలో పడిన దుప్పి ఈదుకుంటూ పోతుందేగాని ఎక్కలేదు. బయటికి ఎక్కే వాలుమెట్లు ఎంతెంత దూరానికి ఉన్నాయో, వాటిపై గిట్టల గుర్తులున్నాయో లేదో చూడకుండా అవి పనిచేస్తున్నాయని రాయకూడదు.

కాలువ ప్రభావం గట్టు దగ్గరే ఆగదు. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో బట్టమేక పిట్టలకు గడ్డి మైదానంతోపాటు చుట్టుపక్కల మెట్టపొలాలు కూడా బతుకుదెరువుగా ఉండేవి. సాగునీరు వచ్చి పంటలు మారితే, అభయారణ్యం కంచె లోపల ఒక్క గడ్డిపోచ కదలకపోయినా ఆ పక్షి ఆవాసం చిక్కిపోతుంది. కాబట్టి నీరు అందే ఆయకట్టులో పంటల మార్పునూ పటంలోకి ఎక్కించాలి.

శ్రీశైలం నుంచి చెన్నై దాకా నీరు మోసే తెలుగుగంగ కడప జిల్లా లంకమల పొదలను ఎదుర్కొన్న తీరు మరింత నేర్పుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో అక్కడ మళ్లీ దొరికింది. రాత్రివేళ తిరిగే ఆ పక్షి కళ్లకు చిక్కదు గనుక, పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూశారు, రికార్డు చేసిన కూతను వినిపించి బదులు కూత కోసం చెవియొగ్గారు. 2005లో కాలువ తవ్వకం దాని ఆవాసాన్ని తాకినప్పుడు, కాలువ దారిని మార్చగలిగారంటే అప్పటికే పక్షి ఎక్కడుందో, ఎలాంటి పొద కావాలో కొలిచి ఉంచిన సమాచారమే అండ.

పునరుద్ధరణ పేరుతో చేసిన పనులకు

మొక్కలు ఎన్ని బతికాయన్న లెక్క పునరుద్ధరణకు కొలత కాదు. కలివికోడికి కావలసింది చిట్టడవి: రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోట అది ఎక్కువగా ఉండే అవకాశముందని పరిశోధనలు తేల్చాయి. అలాంటి చోట గుంతలు తవ్వి మొక్కలు నాటితే రికార్డులో పచ్చదనం పెరుగుతుంది, పక్షి మాయమవుతుంది. లాంటానా, సర్కారు తుమ్మ వంటి కలుపు పొదలను తొలగించిన చోట కూడా ఆ ఖాళీలో గడ్డి వచ్చిందా, వయ్యారిభామ వచ్చిందా, అదే లాంటానా వేళ్ల నుంచి మళ్లీ చిగిర్చిందా అని కనీసం మూడు వర్షాకాలాలు చూడాలి. మరుగు కోల్పోయిన కొండగొర్రె, కుందేలు వంటి వాటి లెక్కను, గడ్డి దొరికిన దుప్పి లెక్కతో కలపకుండా విడిగా చూపాలి.

ఫలితాలను రాసేటప్పుడు

మార్పు కనబడలేదు, మార్పు లేదు అనేవి రెండూ ఒకటి కాదు. నమూనాలు తక్కువైతే మొదటి మాటే రాయాలి. సగటుతోపాటు ఎంత అటూ ఇటూ ఉండవచ్చో కూడా చెప్పాలి, నష్టపోయిన జాతులను అనుబంధంలో దాచకుండా లాభపడిన వాటి పక్కనే పెట్టాలి. కుంటల ఖచ్చితమైన స్థానాలను బయటికిచ్చే ప్రతులలో తీసివేయాలి, నీటి దగ్గర ఉచ్చులు పెట్టేవారికి, నీటిలో విషం కలిపేవారికి అంతకంటే సులువైన పటం ఉండదు.

ఏదైనా నీటి వనరు మేలు కంటే కీడే చేస్తోందని తేలితే, దాన్ని నడివేసవిలో ఆపకూడదు, అలవాటుపడిన జంతువులు అక్కడికే వచ్చి కూలబడతాయి. వానలు పడి వాగులు పారడం మొదలయ్యాక నింపడం మానేయాలి. దగ్గర్లో సహజమైన చెలమలు ఉంటే వేసవికి ముందే వాటి పూడిక తీయించి, మరుసటి వేసవిలో అవే పట్టీలను, అదే నెలలో, వీలైతే అదే బృందంతో మళ్లీ లెక్కించాలి.