మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్‌లో ఒకరు కట్టింది ఇంకొకరు పగలగొట్టకుండా

బ్లాకులతో కట్టే ఈ క్లాస్‌రూమ్ గేమ్‌లో ఒక జట్టు కోటగోడ లేపుతుంటే పక్క జట్టు పిల్లలు వచ్చి తవ్వేస్తారు. సగం పీరియడ్ తగవుతోనే పోతుంది, కట్టినవాళ్ల ముఖాలు చూడలేం.

చీట్స్ (కమాండ్లు వాడనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, చాట్‌లో స్లాష్ వేసి వరల్డ్‌బిల్డర్ అని కొట్టండి, అడ్డు బ్లాకులు పెట్టే, తీసే అనుమతి మీకొస్తుంది. కట్టిన నమూనా కింద, నేలకు ఒక పొర దిగువన డినై బ్లాకులు పరిస్తే పైనున్నది పిల్లలు పగలగొట్టలేరు, కొత్తగా ఏదీ పెట్టలేరు. 12×12 స్థలానికి 144 బ్లాకులు. చేత్తో పెట్టొద్దు, చోటంతా ఒకే బ్లాకుతో నింపే ఫిల్ కమాండ్‌కు ఎదురెదురు మూలల కోఆర్డినేట్లు (స్థానం చెప్పే సంఖ్యలు) ఇస్తే క్షణంలో పని. ఎత్తు సంఖ్య మాత్రం రెండుసార్లు చూసుకోండి, తప్పితే ఫిల్ ఆ నమూనానే చెరిపేస్తుంది. జట్టు ఇంకా కడుతున్న చోట వేయకండి, వాళ్లకూ అడ్డే.

ఆపరేటర్ అనుమతి (కమాండ్లు వాడే హక్కు) ఉన్న విద్యార్థిని ఇది ఆపదు, వాళ్లూ వరల్డ్‌బిల్డర్ కొట్టేయగలరు. అందరినీ మెంబర్‌గానే (మామూలు అనుమతితో) ఉంచండి. వరల్డ్‌బిల్డర్ ఉన్న మీ లాగిన్‌లో అడ్డు కనిపించదు కాబట్టి విద్యార్థి లాగిన్‌తో ఒక బ్లాకు పగలగొట్టి చూడండి.