కమ్యూనికేషన్స్ టెక్నాలజీ: ఫీజుకు తగ్గ చదువున్న కాలేజీని వెతుక్కోవడం ఎలా?

ఈ కోర్సుతో వచ్చిన చిక్కల్లా దాని పేరే. ఒక కాలేజీలో కమ్యూనికేషన్స్ టెక్నాలజీ అంటే వీడియో ఎడిటింగ్, సౌండ్, లైవ్ ప్రసారం. ఇంకోచోట యానిమేషన్, ప్రింటింగ్. మరోచోట ఫైబర్, యాంటెనాలు, మొబైల్ నెట్‌వర్కులు. కాబట్టి ఫీజు అడిగే ముందే సిలబస్ తెప్పించుకోండి. మీరు చేయాలనుకుంటున్న పనికి పనికొచ్చే సబ్జెక్టుల పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. సగానికి కూడా టిక్కు పడకపోతే ఆ కాలేజీ సంగతి వదిలేయొచ్చు.

తర్వాత ఆ సిలబస్ ఏ కాలం నాటిదో చూడాలి. స్టూడియోల్లో వీడియో చాలా ఏళ్లు దానికోసమే ప్రత్యేకించిన ఎస్‌డీఐ కేబుళ్ల మీదే నడిచింది. ఇప్పుడు అది కంప్యూటర్లను కలిపే ఐపీ నెట్‌వర్కుల మీదికి మారుతోంది. ఈ మార్పు కోసం రాసిన ఎస్‌ఎమ్‌పీటీఈ 2110 ప్రమాణాలు 2017లోనే మొదలయ్యాయి. ప్రసార సాంకేతికత నేర్పుతామంటూ నెట్‌వర్కింగ్ పేపరే పెట్టలేదంటే ఆ పాఠాలు పాతబడినట్టే.

ఇక డబ్బు లెక్క. ఒక కాలేజీ ఫీజు 100, రెండోదానిది 70 అనుకుందాం. రెండోదే చవక అనిపిస్తుంది. కానీ అక్కడ ల్యాబ్ ఫీజు విడిగా 12, కెమెరా సొంతంగా కొనుక్కోవాలి కాబట్టి ఇంకో 20. మొత్తం 102. మొదటి కాలేజీలో కెమెరా, రికార్డర్, లైట్లు వాళ్లే ఇస్తారు, 15 స్కాలర్‌షిప్ కూడా వచ్చిందంటే మీ చేతి నుంచి పోయేది 85. ఇంటి అద్దె, ప్రయాణం కూడా రెండు వైపులా కలిపి చూడండి. ఏటా ఫీజు పెంచుతారేమో కూడా అడగండి.

సాఫ్ట్‌వేర్ గురించి మరీ టెన్షన్ పడొద్దు. 3డీ యానిమేషన్ చేసే బ్లెండర్ పూర్తిగా ఉచితం, వీడియో ఎడిటింగ్ చేసే డావిన్చీ రిజాల్వ్‌కు ఉచిత వెర్షన్ ఉంది. నెలనెలా కట్టే సాఫ్ట్‌వేరే కావాలంటే, ఆ డబ్బు ఎవరు కడతారో ముందే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, ల్యాబ్‌ను కళ్లారా చూడటం. నేను చూసిన ఒకచోట ఆడియో మిక్సర్ మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. బ్రోచర్‌లో మాత్రం దాని ఫొటో పేజీ నిండా ఉంది! అందుకే వెళ్లినప్పుడు పరికరాలు ఇచ్చిపుచ్చుకునే రిజిస్టర్ చూపించమనండి. కెమెరా ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగిచ్చారు అన్నది అందులో ఉంటుంది. రోజూ సంతకాలు పడుతుంటే పరికరాలు పిల్లల చేతుల్లో ఉన్నట్టు. నెలలో నాలుగు సంతకాలే ఉంటే అవి బీరువాలో ఉన్నట్టు. ఎడిటింగ్ గది సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో, ఒక్కో సిస్టమ్‌కు ఎంతమందో కూడా కనుక్కోండి. నా మటుకు నేను కాలేజీ ర్యాంకు కన్నా ఈ రిజిస్టర్‌నే ఎక్కువ నమ్ముతాను.

ప్లేస్‌మెంట్ శాతం చెబితే అక్కడితో ఆగకండి. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఏ ఉద్యోగాల్లో ఉన్నారు అని అడగండి. ఇద్దరు ముగ్గురు సీనియర్ల షోరీల్స్, అంటే వాళ్లు చేసిన పనిలోంచి ఏరి కూర్చిన చిన్న వీడియోలు, చూడండి. అన్నిట్లో అవే షాట్లు కనిపిస్తే, పని ఒకరిద్దరే చేసి మిగతావాళ్లు పక్కన నిలబడ్డారేమో అనుమానించాల్సిందే.

ఖర్చు తగ్గించుకోవడానికి రెండేళ్ల డిప్లొమా చేసి, ఆ తర్వాత డిగ్రీలో చేరే దారి కూడా ఉంది. అయితే డిప్లొమా క్రెడిట్లలో ఎన్నింటిని లెక్కలోకి తీసుకుంటారో డిగ్రీ కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, అదీ డిప్లొమా ఫీజు కట్టకముందే.