బీడు నేలను మళ్లీ బతికించడం ఎలా? మొక్కలు కొనే ముందు మోళ్లు వెతకండి

నేల పాడైంది అనగానే చాలామందికి మొదట తట్టేది మొక్కలు నాటడం. నర్సరీ నుంచి వందల మొక్కలు తెచ్చి, గుంతలు తీయించి, ఫొటోలు దిగి, తర్వాతి ఎండాకాలానికి వాటిలో చాలావరకు ఎండిపోతే ‘ఈ నేల ఇంతే’ అని వదిలేస్తారు. నన్నడిగితే నాటడం చివర్లో ఆలోచించాల్సిన పని. ముందు ఆ భూమిలో ఇంకా ఏం బతికుందో చూడాలి.

పొలమంతా తిరగండి

చెట్లు కొట్టేసిన నేలలో పైకి ఏమీ లేకపోయినా కింద వేళ్లు చాలాచోట్ల బతికే ఉంటాయి. ఏటా అవి చిన్న గుబురుగా చిగురిస్తాయి, మనం పిచ్చిమొక్కలనుకుని దున్నేస్తాం, లేదంటే మేకలు తినేస్తాయి. 1980ల మొదట్లో నైజర్ దేశంలోని మరాడి ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు, నాటించిన మొక్కలు చచ్చిపోతుంటే విసిగిపోయి ఉన్నప్పుడు గమనించింది ఇదే. చుట్టూ కనిపిస్తున్న పొదలు పొదలు కావు, కొట్టేసిన చెట్ల మోళ్ల నుంచి వస్తున్న పిలకలు. వాటిని నరక్కుండా కాపాడటం రైతులు ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు, సుమారు ఇరవై ఏళ్లలో నైజర్ మొత్తమ్మీద 50 లక్షల హెక్టార్ల దాకా మళ్లీ చెట్లు లేచాయి.

వానలు మొదలైన కొన్ని వారాలకు తిరిగితే చిగుళ్లు బాగా కనిపిస్తాయి. కనిపించిన ప్రతి మోడు పక్కనా ఒక కర్ర పాతండి, లేకపోతే నాగలి వాటి మీదుగానే పోతుంది.

పిలకలు ఎంచడం

ఒకే మోడు నుంచి బోలెడు పిలకలు వస్తాయి. నిటారుగా, బలంగా ఉన్నవి మూడు నుంచి ఐదు ఉంచి మిగతావి కోసేయండి. ఉంచినవాటికి కూడా కింది సగం ఎత్తు వరకే పక్క కొమ్మలు తీయాలి, పై సగం జోలికి పోవద్దు, ఎదగడానికి దానికి ఆకు కావాలి కదా. కత్తి పదునుగా ఉండాలి. కింది నుంచి పైకి కోయండి, మొద్దు కత్తితో పైనుంచి కొడితే బెరడు కాండం వెంబడి చీలిపోయి ఆ గాయం నుంచి పురుగు పడుతుంది. ముళ్లకొమ్మలు మోడు చుట్టూ కంచెగా వేయండి, ఆకులు నేల మీదే పరవండి. రెండు మూడు నెలలకోసారి వచ్చి కొత్త పిలకలు తీసేస్తుండాలి. అంతే, ఇందులో ఇంకే రహస్యమూ లేదు.

వాన నీటిని ఆపడం

నేల పైపొర పెచ్చు కట్టి గట్టిపడితే ఎంత వాన పడినా నీళ్లు జారిపోతాయి, పోతూ పోతూ ఉన్న మట్టిని కూడా పట్టుకుపోతాయి. అందుకని వాలుకు అడ్డంగా, సమాన ఎత్తులో రాళ్ల వరసలు పేర్చాలి. ఆ సమాన ఎత్తు కంటితో తెలీదు. రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని పైకొసలు కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి దారంతో రాయి వేలాడదీయండి. రెండు కాళ్లు ఆనిన చోట్లు గుర్తుపెట్టుకుని, దారం అడ్డకర్రను దాటే చోట గీత గీయండి. కాళ్లు తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత గీయండి. ఇక పొలంలో ఎక్కడైనా సరే, దారం ఈ రెండు గీతల నడిమధ్య నిలిస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలా అడుగడుగునా గుర్తులు పెట్టుకుంటూ పోవడమే.

వరసల మధ్య గుంతలు తీయండి. పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు 1980ల కరువులో మెరుగుపరిచిన పద్ధతి ఇది, మొదట్లో ఆయన్ని పిచ్చోడన్నారు. 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు చాలు, తవ్విన మట్టిని వాలుకు దిగువన పోయాలి. ఒక్కో గుంతలో ఒకటి రెండు గుప్పెళ్ల పశువుల ఎరువు వేయాలి. ఎరువు కోసం చెదలు వస్తాయి, రానివ్వండి, అవి తొలిచిన సొరంగాల గుండానే నీళ్లు లోపలికి దిగుతాయి. తొలకరికి ఆ గుంతల్లోనే గింజలు వేయాలి. ఎరువులో ఉన్న చెట్ల విత్తనాలు కూడా మొలుస్తాయి, పీకేయకండి. తవ్వకం ఎండాకాలంలోనే అవ్వాలి, హెక్టారుకు పదివేల గుంతలకు పైనే పడతాయి కాబట్టి నడుములు విరిగే పని, ఒక్కరే మొత్తం పొలం ముట్టుకోకుండా ఏటా కొంత ముక్క చేసుకోండి. ఇసుక నేలలో ఈ గుంతలు పూడిపోతాయి, నీరు నిలిచే చోట పంట కుళ్లుతుంది, అక్కడ వద్దు.

అసలు టెన్షన్ మనుషులతో

పని మొదలుపెట్టే ముందే చుట్టుపక్కల రైతుల్ని, పశువుల కాపరుల్ని కూర్చోబెట్టి మాట్లాడండి. పశువులు ఏ నెలల్లో ఎటు పోవాలి, కట్టెలు ఎవరు కొట్టుకోవచ్చు, మాట తప్పితే ఏంటి, ఇవన్నీ తేలాలి. కాపరులను పిలవకుండా చేసుకున్న ఒప్పందం ఒక్క సీజన్ కూడా నిలవదు. చెట్టు చట్టప్రకారం ఎవరిదో కూడా ముందే కనుక్కోండి. నైజర్‌లో చాలాకాలం చెట్టు ప్రభుత్వానిది, కాపాడితే రైతుకు ఒరిగేదేమీ లేదు, కాబట్టి ఎవరూ కాపాడలేదు. ఆచరణలో ఆ పట్టు సడలి, రైతులు చెట్లను తమవిగా చూసుకోవడం మొదలయ్యాకే లెక్క మారింది.

డబ్బు ఎప్పుడు?

మొదటి ఏడాది కత్తిరించిన కొమ్మలు వంటచెరకు, ఆకు మేత అవుతాయి. కాండాలు కాస్త లావయ్యాక వాసాలకు, కర్రలకు పనికొస్తాయి. అప్పుడే అన్నీ ఒకేసారి కొట్టి అమ్మేయాలనిపిస్తుంది, ఆగండి. ఒక్కో మోడుకు ఉంచినవాటిలో ఏడాదికి ఒకటి మాత్రమే కొట్టి, దాని చోట కొత్త పిలక ఒకదాన్ని వదలండి. నాటాలనుకున్న పండ్ల మొక్కలేవైనా ఉంటే అవి ఇప్పుడు, ఈ నీడలో, గుంతల పక్కన నాటుకోండి.